ఊరు కాని ఊళ్ళో పిట్ట

తెనాలిలో పొద్దున్నే వాకిలి తలుపు తీస్తే ముందుగా కనిపించే పక్షి కాకి. బూడిదరంగు మెడ, మిగతా ఒళ్ళంతా నలుపు. దాన్ని చూడటానికి ఇక్కడ ఎవరూ రైలెక్కరు. కానీ 1994లో ఈ జాతి కాకులే రెండు నెదర్లాండ్స్‌లోని హూక్ వాన్ హాలండ్ రేవులో తేలాయి. అంతదూరం అవి రెక్కల మీద రాలేదు, ఓడల్లో వచ్చాయని అంచనా. ఆ తరువాత ఐరోపాలోని పక్షి పరిశీలకులు బైనాక్యులర్లు మెడలో వేసుకుని ఆ రేవుకు ప్రయాణాలు కట్టారు. 2010లో ఐర్లండ్ రేవు పట్టణం కోవ్‌లో ఒక కాకి కనిపిస్తే అక్కడికీ వెళ్ళారు. తద్దినం నాడు మనం విస్తరాకులో మెతుకులు పెట్టి పిలిచే పక్షి, వాళ్ళకు ఊళ్ళు దాటి వెళ్ళి చూడవలసిన వింత అయింది.

ఇలా పరుగులు పెట్టించిన పక్షుల్లో పెద్ద పేరు పొందినది గోల్డెన్ వింగ్డ్ వార్బ్లర్. అది ఉత్తర అమెరికా అడవుల పిట్ట, పిచ్చుకకన్నా చిన్నది. 1989 ఫిబ్రవరిలో అది అట్లాంటిక్‌కు ఇవతల, ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, లార్క్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక సూపర్‌మార్కెట్ కార్ల పార్కింగ్ దగ్గరి పొదల్లో కనిపించింది. కబురు పాకగానే వేలమంది అక్కడికి చేరారు. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అస్సాంలోని తిన్‌సుకియా జిల్లా మాగురి బీల్‌లో ఒక మాండరిన్ బాతు దిగింది. తూర్పు ఆసియాకు చెందిన ఆ రంగురంగుల బాతు అస్సాంలో కనిపించడం వందేళ్ళకు పైబడిన విరామం తరువాత అదే మొదలు. దానికోసమూ దేశంలోని పలుచోట్ల నుంచి మనుషులు కదిలారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన కలివికోడి కూడా అరుదైన పక్షే. 1848లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా పొదల అడవుల్లో మళ్ళీ దొరికింది. అది ప్రపంచం మొత్తం మీదే అరుదు, ఉన్న కొద్దిపాటివీ తమ సొంతచోటులోనే ఉన్నాయి. ఈ అధ్యాయంలో చెప్పబోయేది రెండో రకం అరుదు గురించి. ఆ పక్షి తన చోట లక్షల్లో ఉండవచ్చు. అది మన చోటికి రావడమే వింత. కలివికోడి కనిపిస్తే ఒక జాతి బతికి ఉందని తెలుస్తుంది. దారితప్పిన పక్షి కనిపిస్తే పక్షులు దారి ఎలా పట్టుకుంటాయో, ఎలా పోగొట్టుకుంటాయో తెలుస్తుంది. రెండో రకం పక్షులను శాస్త్రవేత్తలు చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. పొరపాటున వచ్చినవి, చచ్చిపోతాయి, లెక్కలోకి తీసుకోనక్కరలేదని అనుకునేవారు. ఆ అభిప్రాయం సరైనది కాదని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు గోరువంకల కథ చెప్పాలి.

డచ్ పక్షి శాస్త్రవేత్త ఎ.సి. పెర్డెక్ 1958లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించాడు. మన గోరువంకలకు చుట్టమైన ఐరోపా స్టార్లింగ్‌లు ప్రతి శరత్కాలంలో బాల్టిక్ ప్రాంతాల నుంచి బయలుదేరి, నెదర్లాండ్స్ మీదుగా పడమటి దిక్కుకు ఎగిరి, ఉత్తర ఫ్రాన్స్‌లోనూ దక్షిణ ఇంగ్లండ్‌లోనూ చలికాలం గడుపుతాయి. దారిమధ్యలో, హేగ్ నగరం దగ్గర, సుమారు 11,000 పక్షులను పట్టి, కాళ్ళకు ఉంగరాలు తొడిగి, విమానంలో స్విట్జర్లాండ్‌కు తీసుకువెళ్ళి వదిలారు. వాటిలో పెద్దవీ ఉన్నాయి, ఆ ఏడే పుట్టి మొదటిసారి వలస పోతున్న పిల్లలూ ఉన్నాయి. పెద్ద పక్షులు తమను ఎవరో పక్కకు జరిపారని పసిగట్టాయి. దిక్కు మార్చుకుని వాయవ్యంగా ఎగిరి, అలవాటైన చోటికే చేరాయి. పిల్ల పక్షులు దిక్కు మార్చుకోలేదు. ముందు ఏ దిక్కుకు పోతున్నాయో ఆ దిక్కుకే పోయి దక్షిణ ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో తేలాయి.

రేపల్లె వెళ్ళవలసిన పిల్లవాడికి ఊరి పేరు చెప్పకుండా, 'తెనాలిలో రైలెక్కి గంటసేపు కూర్చుని దిగు' అని మాత్రమే చెప్పి పంపారనుకోండి. వేమూరు, భట్టిప్రోలు దాటి సరిగ్గానే దిగుతాడు. ఎవరైనా వాణ్ణి పొరపాటున బాపట్ల వైపు పోయే రైలు ఎక్కిస్తే, అప్పుడూ గంటసేపు కూర్చుని ఎక్కడో ఒకచోట దిగుతాడు. మొదటి వలసకు బయలుదేరిన పిల్ల పక్షి దగ్గర ఉన్నది అంతే: ఒక దిక్కు, కొంత కాలం. ఆ రెండూ తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వస్తాయి. చోటు గుర్తు మాత్రం ఒకసారి వెళ్ళి వస్తేనే ఏర్పడుతుంది. ఊరు కాని ఊళ్ళో దొరికే వలస పక్షుల్లో ఎక్కువ భాగం తొలి ఏడాది పిల్లలు కావడానికి ఇదొక ముఖ్య కారణం.

పెర్డెక్ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే భాగం ఆ తరువాతిది. స్పెయిన్ చేరి బతికిన పిల్ల పక్షుల్లో కొన్ని, తరువాతి చలికాలాల్లో కూడా అక్కడికే తిరిగివెళ్ళాయి. మనిషి చేసిన తప్పు వాటికి సొంత దారి అయింది.

ప్రకృతిలో ఇది మనిషి ప్రమేయం లేకుండానే జరుగుతోంది. రిచర్డ్స్ పిపిట్ అని ఒక సన్నని గోధుమరంగు పిట్ట ఉంది. సైబీరియా, మంగోలియా ప్రాంతాల గడ్డిమైదానాల్లో పిల్లలు చేసి, చలికాలానికి దక్షిణాసియాకు వస్తుంది. మన దేశంలోని గడ్డినేలల్లో, పొలాల్లో గడిపే శీతాకాలపు అతిథుల్లో ఇదీ ఒకటి. పశ్చిమ ఐరోపాలో అది ఒకప్పుడు దారితప్పిన పక్షి కిందే లెక్క. కానీ దక్షిణ ఫ్రాన్స్‌లో ఉంగరాలు తొడిగిన పక్షులే మరుసటి ఏడు మళ్ళీ అదే చోటికి రావడం చూసి, అవి దారి తప్పడం లేదనీ, పడమటికి ఒక కొత్త వలసదారి ఏర్పడుతోందనీ పోల్ డ్యూఫూర్, సహచరులు 2021లో ప్రకటించారు. దిక్కు తెలిపే పుట్టుక లక్షణంలో చిన్న తేడా వచ్చిన పక్షులు పూర్వం బహుశా చచ్చిపోయేవి. ఇప్పుడు అవి చేరే చోట చలికాలం గడపడానికి వీలు దొరికితే, బతికి, తిరిగివెళ్ళి, ఆ తేడాను పిల్లలకు అందిస్తాయి. వాతావరణం మారుతున్న కాలంలో జాతులు నిలవడానికి ఈ తప్పులే ఒక దారి కావచ్చు.

దిక్కు తప్పించేవి మరికొన్ని ఉన్నాయి. చాలా పక్షులు భూమి అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించగలవు. కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్ ద్వారా ఇది జరుగుతుందన్న వాదనకు బలమైన ఆధారాలున్నాయి. ఆ క్షేత్రం కల్లోలపడినప్పుడు దారితప్పే నేలపక్షుల సంఖ్య పెరుగుతోందని, ఉత్తర అమెరికాలో దశాబ్దాల తరబడి పట్టి ఉంగరాలు వేసిన పక్షుల లెక్కల ఆధారంగా 2023లో ఒక అధ్యయనం చూపింది.

మన తీరానికి వీటన్నిటికన్నా దగ్గరిది తుపాను.

2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ కూడా బాపట్ల దగ్గరే, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో నేలమీదికి వచ్చింది. 1977 నవంబర్ 19 గురించి ఈ ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆనాటి ఉప్పెనలో పదివేలకు పైగా మనుషులు పోయారు. అంత విషాదం నడిచిన నేలమీద పిట్టల గురించి మాట్లాడటం తగునా అన్న ప్రశ్న నాకూ ఎదురైంది. కానీ మనిషిని ముంచిన ఆ గాలి పోకడే పక్షిని ఎక్కడ పడేస్తుందో కూడా నిర్ణయిస్తుంది. అందువల్ల దాన్ని అర్థం చేసుకోవాలి.

మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. బాపట్ల తీరాన్ని దాటి ఉత్తరానికి పోతున్న తుపానును ఊహించుకోండి. దాని కుడిపక్కన, అంటే నిజాంపట్నం, రేపల్లె, దివిసీమల మీద, గాలి సముద్రం నుంచి నేలమీదికి కొడుతుంది. ఎడమపక్కన, చీరాల, ఒంగోలు వైపు, నేలమీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977లో ఉప్పెన దివిసీమను అంతగా ముంచడానికి ఇదొక కారణం. నడిసముద్రపు పక్షులను నేలకు తోసేది కూడా ఆ కుడిపక్క గాలే. బాపట్ల దగ్గర తీరం దాటిన తుపాను తరువాత వింత పక్షి కోసం వెదకవలసింది బాపట్లలో కన్నా రేపల్లె వైపు.

నడిసముద్రపు పక్షులు అంటే, గుడ్లు పెట్టడానికి తప్ప పెద్దగా నేలకు రానివి. సూటీ టెర్న్ అనే పక్షి వీపు నల్లన, పొట్ట తెల్లన, తోక చీలి ఉంటుంది. ఉష్ణమండల దీవుల్లో లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. మన లక్షద్వీప్‌లోని పిట్టి దీవిలోనూ పెడుతుంది. గూడు వదిలిన పిల్ల పక్షి కొన్నేళ్ళపాటు నేలను తాకకుండా సముద్రం మీదే గడుపుతుంది. ఫ్రిగేట్ పక్షి రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. దాని ఈకలకు నీటిని తట్టుకునే గుణం లేదు గనుక అలలమీద కూర్చుని సేదతీరలేదు. హిందూ మహాసముద్రంలోని యూరోపా దీవి ఫ్రిగేట్ పక్షులు రెండు నెలల వరకు గాలిలోనే ఉండగలవని 2016లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడితే ఇటువంటి పక్షులకు దాక్కునే చోటు లేదు.

అవి ఏం చేస్తాయి? కొన్ని తుపానుకు దూరంగా తప్పుకుంటాయి. జపాన్ తీరపు స్ట్రీక్డ్ షియర్‌వాటర్ల వీపులకు పరికరాలు కట్టి చూసిన పరిశోధన 2022లో వెలువడింది. నేలకూ తుపానుకూ మధ్య చిక్కుకున్నప్పుడు ఆ పక్షులు పారిపోకుండా నేరుగా తుపాను కన్ను వైపే ఎగిరాయి. నేలమీద పడితే ప్రాణాపాయం గనుక, నేలనుంచి దూరంగా ఉండటానికే అలా చేస్తాయని పరిశోధకులు భావించారు. తుపాను కన్నులో గాలి నెమ్మదిగా ఉంటుంది, చుట్టూ గోడలా గాలి. అందులో చిక్కిన పక్షులు కన్నుతోపాటే కదిలి, తుపాను నేలమీద బలహీనపడ్డాక బయటపడతాయి. అప్పటికి సముద్రం ఎంతో వెనకబడి ఉంటుంది. 2020 మేలో అంఫన్ తుపాను పశ్చిమ బెంగాల్‌ను దాటిన తరువాత, కోల్‌కతా చుట్టుపక్కల పరిశీలకులకు సూటీ టెర్న్‌ల వంటి నడిసముద్రపు పక్షులు కనిపించాయి. నేలమీద తుపాను కష్టాల్లోనే వాళ్ళు ఆకాశం వైపు కూడా చూశారు, చూసింది రాసి పెట్టారు.

కృష్ణా డెల్టాలో అలా చూసేవాళ్ళు చాలా తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 1980లో ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘం హైదరాబాద్‌లో పుట్టింది. పేరున్న 'ఇండియన్ బర్డ్స్' పత్రిక కూడా హైదరాబాద్ నుంచే వెలువడుతోంది. తుపాను మాత్రం హైదరాబాద్‌లో తీరం దాటదు. గాలి తగ్గిన మొదటి ఒకటి రెండు రోజులే అసలైన సమయం. ఆ తరువాత బతికిన పక్షులు నదులూ కాలువల వెంట మళ్ళీ సముద్రానికి వెళ్ళిపోతాయి, బతకనివి కుక్కల పాలవుతాయి. నగరం నుంచి రైలెక్కి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. అందుకని ఈ విషయంలో ప్రయాణం రెండువందల మైళ్ళు కానక్కరలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా, రేపల్లె నుంచి పెనుమూడి రేవు దాకా చాలు.

చోట్లు చెప్తాను. పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద నిలబడితే కృష్ణ రెండువైపులా చాలా దూరం కనిపిస్తుంది. నేలమీద చిక్కిన సముద్రపు పక్షి నీటి బాట పట్టి కిందికి దిగుతుంది గనుక వంతెన మంచి కాపలా చోటు. నిజాంపట్నం హార్బర్, దాని చుట్టూ మడ అడవుల అంచులు రెండో చోటు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరం మూడోది. లోపలికి వస్తే ప్రకాశం బ్యారేజి పైన నిలిచిన నీరు, తెనాలి చుట్టుపక్కల చెరువులు కూడా చూడదగినవే.

వెళ్ళే ముందు ఒక సంగతి. తుపాను హెచ్చరిక పూర్తిగా ఎత్తివేశాకనే బయలుదేరాలి. సహాయ శిబిరాల దారుల్లో బళ్ళు ఆపకూడదు. మొదట మనుషులు.

ఇక ఏది వింత, ఏది మామూలు అన్నది మామూలు రోజుల్లో తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. చలికాలంలో సూర్యలంకలో కనిపించే గోధుమరంగు తల గల్‌లు మధ్య ఆసియా ఎత్తైన సరస్సుల నుంచి వచ్చినవి, దారి తప్పినవి కావు. తడి ఇసుకమీద పరుగులు పెట్టే ఉల్లంకి జాతి పిట్టలు ఆర్కిటిక్ నుంచి కూడా వస్తాయి, అవీ ఏటా వచ్చేవే. ఉప్పలపాడు చెరువులో గూళ్ళు పెట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు మన సొంత పక్షులు. నాగాలాండ్‌లో 2013 నవంబరులో ఉపగ్రహ పరికరాలు కట్టిన మూడు అముర్ డేగలు దక్షిణ భారతం మీదుగా ఎగిరి, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరాయి. అటువంటి డేగ ఒకటి మన పొలంలో వాలితే మనకు వింతే, దానికి మాత్రం అది ఏటా పోయే దారి. నెలకొకసారి ఒకే చోటికి వెళ్ళి ఏ పక్షి ఎన్ని ఉన్నాయో రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళు మాత్రమే, తుపాను మరునాడు కనిపించిన పక్షిని చూసి 'ఇది ఇక్కడిది కాదు' అని ధైర్యంగా అనగలరు.

ఇంకొకరూ అనగలరు, నిజాంపట్నం బోట్ల మీద వేటకు వెళ్ళే మత్స్యకారులు. పక్షుల గుంపు ఎక్కడ దిగుతుందో చూసి చేప ఎక్కడుందో చెప్పే అనుభవం వాళ్ళది. నడిసముద్రంలో మాత్రమే తిరిగే పక్షిని వాళ్ళు మనకంటే ఎక్కువసార్లు చూసి ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో వేట నిషేధం గనుక, మే నెల తుపాన్ల కాలంలో వాళ్ళు ఒడ్డునే ఉంటారు. ఫోటోల పుస్తకం ఒకటి పట్టుకుని వాళ్ళ దగ్గర కూర్చుంటే మన శాస్త్రానికి లాభం. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. అక్కడి విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే ఎంత బాగుంటుందో అని చాలాసార్లు అనిపిస్తుంది.

పక్షి కనిపించింది. అప్పుడేం చేయాలి? ముందు ఫోటో, ఎంత మసకగా వచ్చినా సరే. తరువాత, పుస్తకం తెరవకముందే, చూసింది చూసినట్టు రాసుకోవాలి. తేదీ, సమయం, చోటు, తెలిసిన పక్షితో పోలిస్తే ఎంత ఉంది, ముక్కు పొడవు, కాళ్ళ రంగు, రెక్క పైభాగం, అడుగుభాగం, తోక ఆకారం. పుస్తకంలో బొమ్మ చూశాక రాస్తే, చూడనివి కూడా చూసినట్టు తోస్తాయి. ఇబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే, ఆ ప్రాంతానికి అసాధారణమైన పక్షిని అది వెంటనే పట్టిచూపుతుంది. తెలిసినవాళ్ళు వివరాలు అడుగుతారు. అది అవమానం కాదు. 2018లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జనం విరగబడి చూసిన మాండరిన్ బాతు పెంపకం నుంచి బయటపడినదేనని భావించారు. పంజరం నుంచి వచ్చిందా, ఓడ ఎక్కి వచ్చిందా, గాలి తెచ్చిందా అన్న విచారణ జరగనిదే ఆ నమోదుకు విలువ లేదు.

తుపాను పక్షి ఆకలితో, అలసటతో ఉంటుంది. మంచి ఫోటో కోసం దాన్ని రెండుసార్లు లేపితే, సముద్రం చేరడానికి దాచుకున్న శక్తి అక్కడే ఖర్చవుతుంది. దూరంగా కూర్చోవాలి. డ్రోన్లు ఎగరేయకూడదు. ఎగరలేక పడి ఉంటే చేతులకు తొడుగులు వేసుకుని, బట్ట కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి, అటవీశాఖకు కబురు పెట్టాలి. ముఖం దగ్గరకు తేకూడదు, చాలా సముద్రపు పక్షుల ముక్కులు వాడి. నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మంచిదే కదా అని వెంటనే అలల్లోకి విసరడం అన్నిటికన్నా చెడ్డ పని. ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

దారి తప్పిన పక్షులన్నీ చచ్చిపోవని చెప్పడానికి మన పొలాల్లోనే సాక్ష్యం ఉంది. నాగలి వెనక, గేదెల వెంట నడిచే తెల్లకొంగను చూడండి. దాని ఆఫ్రికా బంధువులు పంతొమ్మిదో శతాబ్దం చివర అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో దిగాయి. 1940ల నాటికి ఫ్లోరిడా చేరాయి. ఇవాళ రెండు అమెరికా ఖండాల్లోనూ పశువులున్న చోట అవి మామూలు పక్షులు. మొదట దిగిన కొంగను చూసినవాళ్ళకు అది ఊరు కాని ఊళ్ళో పిట్టే. మరోవైపు, మనుషులు తీసుకుపోయిన చోట మన కాకి స్థానిక పక్షుల గుడ్లు తిని పీడగా మారింది. కెన్యా ప్రభుత్వం 2024లో పది లక్షల కాకులను తగ్గిస్తామని ప్రకటించింది. ఏ రాక మేలుకో, ఏ రాక కీడుకో మొదటిరోజు తెలియదు. మొదటిరోజును ఎవరో ఒకరు రాసి పెట్టి ఉంటేనే, యాభై ఏళ్ళ తరువాత ఆ కథ చెప్పడానికి వీలవుతుంది.

అందుకని తెనాలి, బాపట్ల, రేపల్లె పాఠకులకు ఒక విన్నపం. ఈ నెలలోనే మీకు దగ్గరి చెరువో, కాలువగట్టో, తీరమో ఒకటి ఎంచుకోండి. నెలకు ఒక ఉదయం అక్కడి పక్షులను లెక్కపెట్టి తేదీతో సహా రాయడం మొదలుపెట్టండి. వచ్చే తుపాను తరువాత, హెచ్చరిక ఎత్తివేసిన మరుక్షణం, ఆ పుస్తకమే పట్టుకుని అదే చోటికి వెళ్ళండి.